నచ్చీ నచ్చని కొరియన్ విషాద ప్రేమకథ: చూసే పద్ధతి, తేల్చుకునే పద్ధతి

లెక్కతో మొదలుపెడదాం. కొరియన్ ప్రేమ సీరియల్ అంటే మామూలుగా 16 ఎపిసోడ్లు, ఒక్కోటి గంటా పది నిమిషాలు అటూ ఇటూ. మొత్తం పద్దెనిమిది గంటల పైమాటే. అందులో విషాదం పాలు ఎక్కువైతే చివర్లో తీర్పు రెండు రకాలుగా వస్తుంది: "ఏడిపించేశాడు, సూపర్", లేదా "ఏడిపించి చంపాడు, వేస్ట్". చిత్రమేమిటంటే ఈ రెండూ ఒకే మనిషి నోట్లోంచి ఒకే రాత్రి వస్తుంటాయి. ఆ రెంటినీ విడదీసి, ఏ ఏడుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టుకునే పద్ధతి ఇది. సరంజామా పెద్దగా అక్కర్లేదు: వంద పేజీల నోటుబుక్కు, పెన్ను, ఇయర్‌ఫోన్లు. టైమ్ మాత్రం మూడు వారాలు కేటాయించుకోవాలి.

మూడు వారాలు ఎందుకంటే

కొరియాలో ఈ సీరియళ్ళు వారానికి రెండు ఎపిసోడ్ల చొప్పున వస్తాయి. సోమ-మంగళ, బుధ-గురు, శని-ఆది, ఇలా జతలుగా. 16 ఎపిసోడ్లంటే ఎనిమిది వారాలు. రాసేవాళ్ళు ఆ నడకని బట్టే రాస్తారు. ఆరో ఎపిసోడ్‌లో రెండో ఎపిసోడ్ సీను మళ్ళీ చూపించారంటే, అది రెండు వారాల కిందట చూసినవాళ్ళకి గుర్తుచేయడానికి. దసరా సెలవుల్లో రెండు రోజుల్లో మొత్తం లాగించేసేవాళ్ళకి అదే సీను "చూపించిందే చూపిస్తున్నాడు" అన్న విసుగవుతుంది. సాగదీత అన్న ఫిర్యాదులో సగం సీరియల్‌ది, సగం చూసిన వేగానిది.

అందుకని ఒక విడతకి రెండే ఎపిసోడ్లు. మధ్యలో ఒక రోజు ఖాళీ. అలా ఎనిమిది విడతలు. చివరి జత ముందు మాత్రం మూడు రోజులు ఆగండి. పద్నాలుగో ఎపిసోడ్ కల్లా ఇద్దర్నీ విడగొట్టే ఏర్పాట్లు దాదాపు పూర్తవుతాయి. ఆ కోపంలోనే చివరి రెండూ చూస్తే ముగింపు ఎలా ఉన్నా తిడతాం.

ఎపిసోడ్‌ని సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపుతారు కాబట్టి ఆపడం కష్టమే. దానికో చిన్న కిటుకుంది. తర్వాతి ఎపిసోడ్ మొదటి ఐదు నిమిషాలు చూసి అక్కడ ఆపండి. ఆ ముడి చాలాసార్లు ఐదు నిమిషాల్లోనే విడిపోతుంది. నిద్ర పడుతుంది.

ఇంకో మాట. 2017 నుంచి కొన్నేళ్ళ పాటు వచ్చిన కొన్ని సీరియళ్ళ పక్కన 32 ఎపిసోడ్లని కనిపిస్తుంది. భయపడకండి. అక్కడి పెద్ద చానళ్ళలో కార్యక్రమం మధ్యలో ప్రకటనలు వేయడానికి 2021 జులై దాకా అనుమతి లేదు. అందుకని ఒక ఎపిసోడ్‌నే రెండు ముక్కలు చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య ప్రకటనలు వేసుకునేవాళ్ళు. ఆ లెక్కలో 32 అంటే మన 16.

ఎక్కడ చూడాలి, ఎక్కడ చూడకూడదు

గుంటూరు నుంచి విజయవాడ బస్సులో గంట ప్రయాణం, ఎపిసోడ్ కూడా గంటే, సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఈ సీరియళ్ళలో సగం కథ మాటల మధ్య ఖాళీలో ఉంటుంది: ఫ్రిజ్ మోత, మెట్ల మీద చెప్పుల చప్పుడు, గొడుగు మీద వాన. కాజ టోల్‌గేటు దగ్గర హారన్ల మధ్య ఆ ఖాళీ వినపడదు. "ఏమీ జరగడం లేదు" అనుకుని పది సెకన్లు ముందుకి తోస్తాం, అసలు జరిగిందేదో ఆ పది సెకన్లలోనే పోతుంది. వారధి దాటేసరికి ఎపిసోడ్ అయిపోతుంది గానీ నోటుబుక్కులో ఏమీ పడదు. బస్సులో చూడాలనుంటే కామెడీ చూసుకోండి.

ఇంట్లోనూ శత్రువు ఒకటుంది: సీలింగ్ ఫ్యాను. మే నెలలో బెజవాడలో ఫ్యాను ఐదు మీద పెట్టక తప్పదు. ఐదు మీద పెడితే టీవీ స్పీకర్లో గుసగుసలు వినపడవు. సౌండ్ పెంచితే పాట రాగానే హాలు దద్దరిల్లుతుంది, లోపలి గదిలోంచి "ఏంటే ఆ గోల" అని కేక వస్తుంది. ఇయర్‌ఫోన్లు అందుకే. రాత్రి పదిన్నర తర్వాత, లైటు తీసేసి చూడండి. ఈ విషాద కథల్లో రాత్రి సీన్లు ఎక్కువ. మధ్యాహ్నం కిటికీ వెలుతుర్లో చూస్తే తెర మీద మన మొహమే కనిపిస్తుంది.

రుతువు తేడా కూడా ముందే మనసులో పెట్టుకోవాలి. మొదటి మంచు కురిసేటప్పుడు ఇష్టమైన మనిషి పక్కనుంటే ఆ ప్రేమ నిలుస్తుందని కొరియాలో ఒక నమ్మకం. మనకి దగ్గరగా తోచేది తొలకరి. కానీ తొలకరి అంటే మనకి ఎండ బాధ వదలడం, దుక్కి మొదలవడం, ఊరంతటి సంబరం. వాళ్ళ మొదటి మంచు ఇద్దరిది. అలాగే చెర్రీ పూలు. అవి విరగబూసి ఉండేది వారం పది రోజులే. ఎండాకాలం పొడుగునా మల్లెలు కొనుక్కునే మనకి ఆ తొందర వెంటనే తట్టదు. పూల చెట్ల కింద ఇద్దరూ నడుస్తున్నారంటే, ఇది ఎక్కువ రోజులు ఉండదని దర్శకుడు చెప్పేసినట్టే.

చెవితో చదవాల్సినవి

తెలుగు డబ్బింగ్ ఉన్నా సరే, మొదటిసారి కొరియన్ మాటలతోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో అందరికీ ఒకటే "యూ". కొరియన్లో అలా కాదు, మన "మీరు", "నువ్వు" లాగా మర్యాదకి మెట్లున్నాయి. గుర్తుపట్టడం తేలిక: వాక్యం చివర "యొ" వినిపిస్తే మర్యాద, "నిద" వినిపిస్తే ఇంకా దూరం, ఆఫీసు మర్యాద. రెండూ లేకుండా మాట తెగిపోతే చనువు. ఆరేడు ఎపిసోడ్ల పాటు "యొ" అంటూ మాట్లాడిన మనిషి ఒక రాత్రి ఆ "యొ" వదిలేస్తాడు. సబ్‌టైటిల్‌లో ఏ మార్పూ ఉండదు. ఇంగ్లీష్ మాత్రమే చదివేవాళ్ళు "ఇంత హఠాత్తుగా ప్రేమేంటి" అంటారు. మనం వింటే తెలుస్తుంది, మీరు కాస్తా నువ్వు అయింది. విడిపోయాక అదే "యొ" తిరిగొచ్చిందా, అది మరీ చేదు. నిన్నటిదాకా "ఏరా" అన్న స్నేహితుడు ఇవాళ "బావున్నారా అండీ" అని పలకరించినట్టు.

ఇంకో రెండు మాటలు మనకే బాగా అందుతాయి. "ఐ మిస్ యూ" అని కింద పడే చోట వాళ్ళు అనేది "బొగొ షిపొ". దాని అర్థం "చూడాలనుంది". తెలుగులోనూ మనం అలాగే అంటాం, "నిన్ను చూడాలనుందిరా" అని. "మిస్ అవుతున్నా" అన్నది నిన్న మొన్నటి మాట. రెండోది "బప్ మొగొసొ". అంటే అచ్చంగా "అన్నం తిన్నావా". అమెరికా వాళ్ళ వ్యాసాల్లో దీనికి పేరాలకి పేరాలు వివరణ ఉంటుంది. మన ఇళ్ళల్లో ఫోనెత్తగానే అడిగే ప్రశ్నే కాబట్టి మనకి వివరణ అక్కర్లేదు. విడిపోయిన ఇద్దరు చాలా రోజులకి ఎదురుపడి ఇదొక్కటే అడిగారంటే, ఆ సీను వెనకాల ఎంతుందో మనకి తెలుసు.

నాలుగు అక్షరాలు

ఇప్పుడు నోటుబుక్కు. ఎపిసోడ్‌కి ఒక పేజీ. గుండె బరువెక్కిన ప్రతి చోటా ఎన్నో నిమిషమో వేసి, పక్కన నాలుగక్షరాల్లో ఒకటి రాయండి.

"క" అంటే కథ. ఆ మనిషి స్వభావం వల్ల, ముందు జరిగినవాటి వల్ల, ఇది జరగక తప్పదనిపించిన బాధ.

"ప" అంటే పాట. ఇది దాదాపు ప్రతి సీరియల్‌లో ఉంటుంది. ఒకటే నెమ్మది పాట, ఒకే చోట, ఎపిసోడ్ చివర్లో మొదలవుతుంది. నాలుగోసారి వినేసరికి సీనులో ఏముందో చూడకుండానే కళ్ళు చెమ్మగిల్లుతాయి. అది మన తప్పు కాదు, ఆ పాటని వాడేదే అందుకు.

"ర" అంటే రచయిత. బలవంతపు బాధ. ఎక్కణ్ణుంచో వచ్చిన లారీ, గతం మర్చిపోవడం, పన్నెండో ఎపిసోడ్ దాకా ఒక్క దగ్గైనా రాని మనిషికి హఠాత్తుగా పెద్ద జబ్బు, కవర్లో డబ్బు పెట్టి "మా అబ్బాయిని వదిలెయ్" అనే గొప్పింటి తల్లి. ఒక్క ఫోన్ చేసుంటే తీరిపోయే అపార్థం కూడా ఈ ఖాతాలోకే.

నాలుగోది "మ". మనది. దీన్నే అందరూ వదిలేస్తారు. తెర మీద ఒక తండ్రి బస్టాండులో కూతురి బ్యాగు సర్దుతుంటాడు. చూసేవాళ్ళకి హాస్టల్లో ఉన్న పిల్ల గుర్తొచ్చి ఏడుపొస్తుంది. ఆ సీను గొప్పదని రాసేస్తారు. సీను మామూలుదే, బాధ ఇంటి నుంచి తెచ్చుకున్నది. "మ" వేయడానికి సిగ్గుపడొద్దు. "మ" ఎక్కువగా పడ్డ సీరియల్‌ని ఇంకొకళ్ళకి చెప్పేముందు ఒకసారి ఆలోచించాలి, అంతే.

ఎపిసోడ్‌కి మూడు గుర్తులు మించితే మీరు మరీ మెత్తబడి ఉన్నారని అర్థం, ఆ రోజుకి ఆపేయండి. మూడు ఎపిసోడ్లు దాటినా ఒక్క గుర్తూ పడకపోతే సీరియల్ మీకు పడలేదు. పట్టుదలకి పోయి పూర్తి చేయాల్సిన పని లేదు.

క, ప తేలకపోతే దానికో పరీక్ష ఉంది. ఆ సీను వెనక్కి జరిపి, సౌండ్ పూర్తిగా తీసేసి, సబ్‌టైటిల్స్‌తో రెండు నిమిషాలు చూడండి. మొహాలు చాలు, బాధ అలాగే ఉంది అంటే "క". నటులు గోడ వైపు చూస్తూ నిలబడ్డారు, ఇంకేమీ లేదు అంటే "ప". ఈ పరీక్ష మర్నాడు పగలు చేయాలి. రాత్రి చేస్తే పాట చెవుల్లో మోగుతూనే ఉంటుంది, పరీక్ష తప్పుతుంది.

ఒకదాని మీద వేసి చూద్దాం

ఉదాహరణకి "ట్వెంటీ ఫైవ్ ట్వెంటీ వన్". 2022 ఫిబ్రవరి 12 నుంచి ఏప్రిల్ 3 దాకా టీవీఎన్ చానల్లో వచ్చింది, 16 ఎపిసోడ్లు, నటించింది కిమ్ టెరి, నమ్ జుహ్యొక్. దీని ముగింపు మీద గొడవపడని అభిమాని లేరు. ఇక్కణ్ణుంచి ముగింపు తెలిసిపోతుంది, చూడనివాళ్ళు తర్వాతి ఉపశీర్షికకి వెళ్ళండి.

కథాకాలం 1998. అంతకు ముందు ఏడాది చివర్లో కొరియా దేశం అప్పుల్లో కూరుకుపోయి ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గర చేయి చాచింది. కంపెనీలు మూతపడ్డాయి. కథానాయకుడు బెక్ ఇజిన్ వాళ్ళ నాన్న వ్యాపారం దివాలా తీసింది. కుర్రాడు పేపర్లు వేస్తూ, పుస్తకాలు అద్దెకిచ్చే షాపులో పనిచేస్తూ బతుకుతుంటాడు. కథానాయిక నా హీదో స్కూల్లో ఫెన్సింగ్ (కత్తిసాము) ఆడే పిల్ల. డబ్బుల్లేక వాళ్ళ జట్టునే ఎత్తేస్తారు. ఈ కథంతా ఇప్పటి కాలంలో హీదో కూతురు మిన్ఛె తల్లి డైరీ చదువుతుంటే మనకి తెలుస్తుంది.

మన అలవాటుతో చూస్తే ఇక్కడ ఒకటి తప్పిపోతుంది. కొరియాలో పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు, పిల్లలకి తండ్రి ఇంటిపేరు వస్తుంది. పెద్దయిన హీదో ఇంకా "నా" గానే ఉంది కాబట్టి మనకేమీ అనుమానం రాదు. కానీ కూతురు కిమ్ మిన్ఛె. బెక్ కాదు. అంటే హీదో, ఇజిన్ కలవలేదని రచయిత దాచలేదు. "చివర్లో మోసం చేశారు" అన్న ఫిర్యాదు ఇక్కడ నిలబడదు. పద్దెనిమిది గంటల పాటు మనమే నమ్మకుండా కూర్చున్నాం.

విడిపోవడానికి కారణం? 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత విలేఖరిగా ఇజిన్ న్యూయార్క్ వెళ్తాడు, అక్కడే ఉండిపోతాడు. హీదో ఎదురుచూస్తూ అలిసిపోతుంది. ఆమె తల్లి కూడా వార్తల మనిషే. హీదో తండ్రి అంత్యక్రియలకి కూడా రాలేకపోయిన తల్లి. వార్తల కోసం తనని ఒంటరిగా వదిలేసే మనిషితో మళ్ళీ బతకలేకపోవడం ఆ పిల్ల స్వభావంలోనే ఉంది. కాబట్టి "క". కానీ నెలల తరబడి సాగిన ఆ ఎడబాటుని చివరి రెండు ఎపిసోడ్లలోకి కుదించడం "ర". అంతకు ముందు ఒక్క ఆటకి బోలెడంత టైమిచ్చి, ప్రేమ చచ్చిపోవడానికి మాత్రం ఇంత హడావుడి చేశారు. మిన్ఛె తండ్రి ఎవరో తెర మీదకి రాకపోవడం కూడా "ర"నే. ఆయన్ని చూపిస్తే మన జాలి పంచుకుపోతుందన్న భయం కనిపిస్తుంది.

అసలు "క" వేరే చోట ఉంది, చాలామంది దానికే "ర" వేస్తారు. హీదో, ఇజిన్‌తో సహా అయిదుగురు స్నేహితులు కలిసి సముద్రానికి వెళ్తారు. జీవితంలో మళ్ళీ రాని రోజులా తీశారు దాన్ని. డైరీ చదివిన మిన్ఛె తల్లిని అడుగుతుంది. హీదో గుర్తులేదంటుంది. జబ్బు లేదు, దెబ్బ తగల్లేదు, ఇరవై ఏళ్ళు గడిచాయి, అంతే. ఇంటర్మీడియెట్‌లో ఫ్రెండ్స్‌తో సూర్యలంక బీచ్‌కి వెళ్ళిన ఫోటో ఎవరో పంపితే "నేనూ వచ్చానా?" అని అడిగేవాళ్ళు మనలో ఎంతమంది లేరు. ఈ సీరియల్‌లో విడిపోవడం కంటే ఈ మర్చిపోవడమే పెద్ద విషాదం. ఇది ఒప్పుకుంటే ముగింపు మీద కోపం సగం తగ్గుతుంది. మిగతా సగం ఉండనివ్వండి, అది న్యాయమైన కోపమే.

ఏడుపుతో సంబంధం లేని ఇబ్బంది కూడా ఒకటుంది. పరిచయమయ్యేటప్పటికి ఆమె స్కూలు పిల్ల, అతనికి ఇరవై రెండు. ఇద్దరి మధ్య మొదటి ముద్దు 2000 జనవరి 1 మొదలవుతున్న క్షణాన. ఆ ముహూర్తానికి లెక్కుంది. పాత కొరియన్ పద్ధతిలో అందరికీ జనవరి 1నే ఒక ఏడు పెరిగేది, ఆ లెక్కన ఆమె ఆ క్షణానికి స్కూలు వయసు దాటినట్టు. ఆ లెక్కని పక్కనపెట్టి, పుట్టినరోజు ప్రకారం వయసు చూసే చట్టం అక్కడ 2023 జూన్‌లో అమల్లోకొచ్చింది. పేరులోని 25, 21 కూడా పాత లెక్క వయసులే. రచయిత జాగ్రత్త పడ్డారు, అయినా మొదటి ఎపిసోడ్లు చూస్తూ మనసొప్పనివాళ్ళుంటారు. దీన్ని నాలుగక్షరాల్లో ఇరికించకండి. నోటుబుక్కు చివరి పేజీలో "మనసొప్పనివి" అని విడిగా రాసుకోండి. బాధ బాగుందా లేదా అన్నదీ, ఇది సబబా కాదా అన్నదీ కలిపేస్తే రెండూ తేలవు.

రాయాలనుకుంటే

చివరి ఎపిసోడ్ అయిన రాత్రి రాయొద్దు. రెండు రోజులాగి, మొదటి ఎపిసోడ్ మొదటి పది నిమిషాలు మళ్ళీ చూసి, అప్పుడు రాయండి. ముగింపుకి కావాల్సినవి అక్కడ ఏం దాచారో అప్పుడే కనపడతాయి. నాలుగొందల మాటలు చాలు. కథ చెప్పడానికి వందకి మించి వాడకండి. నచ్చనిది ముందు రాయండి. మెచ్చుకుని మెచ్చుకుని చివర్లో "కానీ" పెడితే చదివేవాళ్ళకి ఆ "కానీ" ఒక్కటే గుర్తుంటుంది. స్టార్లు వేయకండి. క పన్నెండు, ర తొమ్మిది పడ్డ సీరియల్‌కి అయిదుకి మూడు వేస్తే ఏం తెలిసినట్టు?

పేర్లు తెలుగులో రాసేటప్పుడు ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూసి మోసపోతాం. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, మనలాగే. "లీ" అని రాసే ఇంటిపేరుని వాళ్ళు పలికేది "ఈ". "పార్క్"లో ర లేదు, "పాక్"కి దగ్గర. "చోయ్" కాదు, "చ్వె". హ్రస్వాలు ఎ, ఒ మన లిపిలో ఉన్నాయి కాబట్టి "బెక్", "మిన్ఛె" అని సుఖంగా రాసుకోవచ్చు. హిందీలో ఆ వీలు లేదు. ఇబ్బందల్లా ఇంగ్లీష్‌లో ఇ, ఓ కలిపి రాసే అచ్చుతోనే. అది మన అ కీ ఒ కీ నడిమి శబ్దం. చాలాచోట్ల "ఒ" వేస్తే సరిపోతుంది, "సియోల్" అనే ఊరు "సొఉల్" అవుతుంది. అలవాటైపోయిన ఊరి పేర్లని మాత్రం కదపకండి, ఎవరికీ అర్థం కాదు.

ఎవరైనా "చూడొచ్చా?" అని అడిగితే

ఎవరు అడుగుతున్నారో చూసి చెప్పాలి. రాత్రి ఎనిమిదికి డైలీ సీరియల్ వదలని పిన్నికి "పదహారుతో అయిపోతుంది పిన్నీ, చివర్లో కలవరు" అని రెండూ ముందే చెప్పేయండి. తెలిసి చూస్తే ఆవిడే మనకంటే బాగా చూస్తుంది. ఈ మధ్యే మనసు విరిగిన స్నేహితుడికి "మ" ఎక్కువ పడ్డ సీరియల్ ఇప్పుడు వద్దు, ఆర్నెల్లాగమనండి. పరీక్షలున్న తమ్ముడు అడిగితే ఆ పద్దెనిమిది గంటల లెక్క చెప్పి వదిలేయండి. ఇక, ఇప్పటికే చూసేసి "నీకు నచ్చిందా లేదా, ఒక్క మాటలో చెప్పు" అని నిలదీసేవాళ్ళకి నోటుబుక్కు చేతికివ్వండి, ఏ పేజీ తెరిచినా సరే.